సూడిగొర్రెల అవ్వ

మొన్న డాక్టరమ్మ మా ఆవిడ కింది కనురెప్పను వేలితో లాగి చూసి, "తెల్లగా ఉందని భయపడకండి. ఏడో నెల కదా, రక్తం కాస్త పలచబడుతుంది" అంది. నేను పక్కనే నిలబడి పకపకా నవ్వేశాను. మా ఆవిడ ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. కడుపుతో ఉన్న పెళ్లాం మొహం పాలిపోయిందంటే పళ్లికిలించే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అని ఆమె కోపం. న్యాయమైన కోపమే. ఆ మాటే ఏడేళ్ల కింద గొర్రెల దొడ్డిలో ఒక ముసలావిడ నాకు చెప్పిందనీ, అప్పుడూ నేను నవ్వాననీ, ఆ నవ్వుకు ఒక ప్రాణం పోయిందనీ ఆమెకు ఎలా చెప్పను?

ఆ ముసలావిడ పోయి రెండేళ్లయిందట. అది కూడా ఈ మధ్య సంతలో ఒక గొర్రెల కాపరి వేరే మాటల మధ్య చెప్తే తెలిసింది. ఆమె పేరు నాకు తెలియదు. ఊరంతా అవ్వ అనేది, నేనూ అవ్వా అనే పిలిచాను. ఓట్ల జాబితాలో పేరు ఉండే ఉంటుంది గానీ నేనెప్పుడూ అడగలేదు.

లక్సెట్టిపేటలో బస్సు దిగి గోదావరి వైపు రెండు గంటలు నడిస్తే వచ్చే ఊళ్లో నాకు మొదటి ఉద్యోగం. రెండు గదుల పశువుల దవాఖాన, ఒక బీరువా, ఒక బల్ల. హైదరాబాదులో పశువైద్యం చదువుకుని అప్పుడే దిగాను. చదువుతోపాటు తలపొగరు కూడా ట్రంకుపెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాను. వచ్చిన వారానికే కుంటుతున్న గొర్రె ఉందంటే గొర్రెలు కాచే కురుమల వాడకు వెళ్లాను. గిట్ట అడుగుభాగం చూడాలి కదా, గొర్రెను పట్టి వెల్లకిలా పడేసి, నడుము నా మోకాళ్ల మధ్య బిగించి, కత్తి తీశాను.

"ఓరి నీ చేతులు పడిపోను! పక్కకు తిప్పు, పక్కకు తిప్పు!"

దొడ్డి అవతలి మూల ఉన్ని వడుకుతున్న ముసలావిడ, కదురు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. బక్కపలచని మనిషి. నెత్తి మీద జుట్టు మొత్తం నెరిసింది, చేతులు మాత్రం మగవాళ్ల చేతుల్లా ఉన్నాయి. నన్ను భుజంతో ఒక్క నెట్టు నెట్టి గొర్రెను పక్కకు దొర్లించింది. అప్పుడు చూశాను దాని కళ్లు తేలిపోయి ఉండటం, కాళ్లు వాలిపోయి ఉండటం. నేను కత్తి పట్టుకున్న సంబరంలో గొర్రె మొహమే చూడలేదు.

ఆమె నా చేయి పట్టుకుని లాగి, మూడు వేళ్లను గొర్రె వెనక తొడ లోపలి పక్కన ఆనించింది. నాకేమీ తగల్లేదు. "ఒత్తకు. ఊకె పెట్టు" అంది. కాసేపటికి చాలా లోతున సన్నగా ఏదో కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. నేను అలా కూర్చుని ఉండగానే ఆ నాడి నిండుతూ నిండుతూ వచ్చి నా వేళ్లను ఎత్తసాగింది. గొర్రె చెవులు ఆడించింది. తర్వాత లేచి నిలబడి, నన్ను చూడకుండా వెళ్లిపోయింది.

"సూడిది అది" అంది ఆమె. "కడుపుల పిల్ల బరువు ఈపు కింది పెద్ద నరం మీద పడుతది. నెత్తురు పైకి మర్లదు. ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు సుత మేం సూడిదాన్ని ఎల్లెలుకల ఎయ్యం. గంత సదువు సదివినవు, గిది ఎవలు చెప్పలేదా కొడుకా?"

చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. రాసింది వేళ్ల కిందికి రావడం మాత్రం అదే మొదలు. సిగ్గుపడ్డాను అని రాస్తే గౌరవంగా ఉంటుంది గానీ, నిజానికి ఆమె మీద ఒళ్లు మండింది.

అయినా ఏదో ఒక సాకుతో ఆ దొడ్డికి పోతూనే ఉన్నాను. ఆమె పని చూడటం నాకు వ్యసనమైంది. గొర్రెను ముట్టుకునే ముందు వేళ్లను రెండు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకునేది. చల్లటి వేళ్లు పెడితే గొర్రె బెదురుతుందనీ, బెదిరిన నాడి అబద్ధం చెబుతుందనీ ఆమె లెక్క. వేళ్లు పెట్టాక గొర్రెను చూసేది కాదు, గోదావరి అవతలి గుట్టల వైపు చూసేది. అంకెలు లెక్కపెట్టడం ఆమెకు పట్టదు. నాడి నడకను మనుషుల నడకతోనే చెప్పేది. "ఇది నీళ్ల కడవ ఎత్తుకున్నట్టు నడుస్తున్నది. మూడు నెలలు నిండినయి." "ఇది ఇంకా ఒంటిగనే తిరుగుతున్నది. సూడి కట్టలేదు." నేను గడియారం చూసి లెక్కపెట్టేవాణ్ణి. సూడి ముదిరిన గొర్రెల నాడి ప్రతిసారీ వేగంగానే ఉండేది. ఎన్నోసార్లు ఆమె చెప్పిన వారంలోనే ఈనేవి. ఒకటి రెండు సార్లు తప్పింది కూడా. తప్పినప్పుడు గొర్రెనే తిట్టేది, "మాట మీద నిలవడవు గదనే" అని.

మిట్టమధ్యాహ్నం సూడిగొర్రెలను ఎండలో ఉండనిచ్చేది కాదు. పచ్చగడ్డి కళ్లముందు ఉన్నా సరే, నీడకు తోలుకొచ్చి నిలబెట్టేది. ఆమె కొడుక్కి ఇది నచ్చదు. పెళ్లాం పిల్లలున్న మనిషి, మంద మేపేది అతనే. "మేత కాలం పాడైతున్నది అవ్వా" అని గొణిగేవాడు. "ఎండల నిలవెడితే నెత్తురంత తోలు మీదికి పోతదిరా, పెయ్యి సల్లవడనీకె. కడుపులోనిదానికి ఏం మిగులుతది?" అనేది. కుక్క తరిమినా ఇదే గోల. నెత్తురు కాళ్లకు పరుగెత్తిందనీ, కడుపులో పిల్ల ఆకలికి ఏడుస్తుందనీ కుక్కగలవాడి ఇంటికి పోయి తిట్టొచ్చేది. నేను దీన్ని ముసలిదాని చాదస్తం కింద జమకట్టాను. ఎండ దెబ్బకు గర్భసంచికి పోయే రక్తం నిజంగానే తగ్గుతుందనీ, పిల్ల చిన్నదిగా పుడుతుందనీ తర్వాత చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఆ ఏడు వానలు దండిగా కురిశాయి. వానలు వెనకబట్టాక చుట్టుపక్కల ఊళ్లలో గొర్రెలకు జలగ రోగం పట్టుకుంది. మడుగుల పక్క గడ్డి మేసిన గొర్రెల కార్జంలో, అంటే కాలేయంలో, సన్నటి జలగలు చేరి రక్తం తాగేస్తాయి. దవడ కింద నీరు దిగి, కనురెప్పలు సున్నంలా తెల్లబడి చస్తాయి. రెండు మందలు సగానికి సగం పోయాయి. పైనుంచి మందు సీసాలు వచ్చాయి, ప్రతి గొర్రెకూ తాగించమని కాగితం వచ్చింది. మందుకు ముక్కు అదిరే ఘాటు. ఊరూరా తిరిగి గొట్టంతో గొర్రెల గొంతులో పోస్తూ, చివరికి అవ్వ దొడ్డికి వచ్చాను.

నలభైకి పైగా తల్లిగొర్రెలు, దాదాపు అన్నీ నిండుసూడివి. నెలలోపు ఈనాల్సినవి. నాలుగైదింటి కనురెప్పలు లాగి చూశాను. పాలిపోయి ఉన్నాయి.

"జలగ పట్టింది అవ్వా. అన్నిటికీ మందు పొయ్యాలి."

"గవి సూడివి కొడుకా. సూడిదాని నెత్తురు పలచగనే ఉంటది. కండ్లు తెల్లగ కనవడుతయి. దవుడ కింద నీరు లేదు సూడు."

నేను నవ్వాను. "పలచన ఎందుకవుతుంది? ఎవరైనా నీళ్లు కలుపుతారా?"

"అదే కలుపుకుంటది" అంది. "ఇద్దరికి సరిపోవాలె గద. ఉన్నదాన్నే ఎక్కువ చేసుకుంటది. గిప్పుడు మందద్దు. ఈనినంక నేనే తోలుకస్త. గిప్పుడు దాని నెత్తురు దానిది కాదు."

ఈ చివరి మాట నాకు మూఢనమ్మకంలా వినిపించింది. నిండుసూడి మీద ఈ మందు జాగ్రత్తగా వాడాలని నా నోటు పుస్తకంలో నా చేతిరాతతోనే ఉంది. అది గుర్తుంది కూడా. కానీ పక్క ఊళ్లో చచ్చిన మందలు కళ్లముందున్నాయి, వీటిని వదిలేస్తే ఇవీ పోతాయని నిజంగానే నమ్మాను. నమ్మకంలో కొంత భయం, కొంత అహంకారం. ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేను. "మంద మొత్తం పోతే నన్నడగొద్దు" అని అందరూ వినేటట్టు గట్టిగా చెప్పి వచ్చేశాను.

నేను అన్నది కొడుకు చెవిన పడింది. మరునాడు పొద్దున అతను మూడు గొర్రెలను దవాఖానకు తోలుకొచ్చాడు.

"అవ్వకు ఎరుక లేదు సార్. మీరు పొయ్యుండ్రి. మంద పోతే మేం బతకలేం."

పోశాను. ఆ మూడింటి మూతులు ఎత్తిపట్టి, గొట్టం పెట్టి, నా చేత్తో నేనే పోశాను.

రెండో రోజు పొద్దున్నే అతను ఉరుకుతూ వచ్చాడు. ఊపిరి అందక, చేత్తో రమ్మని సైగ చేశాడు. వెళ్లేసరికి దొడ్డి నిండా జనం. ఒక గొర్రె నేల మీద పక్కకు పడి ఉంది. మెడ చాపేసింది. అవ్వ దాని తొడ దగ్గర కూర్చుని వేళ్లు పెట్టి ఉంది. తిడుతుందని, మట్టి తీసి మొహాన కొడుతుందని అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె తలెత్తి, "పిల్ల ఇంక మెసులుతున్నది కొడుకా. తల్లి పోతున్నది" అంది.

నేను గుండె మీద చెవి పెట్టి విన్నాను. గుండె రెండుసార్లు కొట్టి, ఆగి, ఒకసారి కొట్టింది. ఇక కొట్టలేదు.

"కొయ్యి" అంది.

జనంలో కలకలం రేగింది. ఆ వాడలో సూడితో చచ్చిన గొర్రె మీద కత్తి పెట్టరు. తల్లినీ పిల్లనూ అట్లాగే గొంగడి ముక్కలో చుట్టి పూడ్చిపెడతారు. కోస్తే మంద గొడ్డుపోతుందని వాళ్ల భయం. కులపెద్ద ముందుకొచ్చి, "వద్దు అక్కా. మిగిలిన నలభైటి గురించి జర సోంచాయించు" అన్నాడు. కొడుకు రెండు చేతులూ జోడించాడు. నలభై గొర్రెలంటే ఆ ఇంటికి తిండి, బట్ట, పరువు, అన్నీ.

"పాపం నాది" అంది ఆమె. "లోపట పానమున్నది. కొయ్యి కొడుకా, ఆలిసెం చెయ్యకు."

కోశాను. కత్తి సరిగ్గానే దిగింది. గర్భసంచి బయటపడింది. దాని పక్కన, దానికి నెత్తురు మోసే నరం కనపడింది. కాలేజీలో సూడి కట్టని గొర్రెల్లో ఆ నరాన్ని చూశాను. పట్టకారుతో వెతికి పట్టుకోవాలి, కుట్లు వేసే దారం కంటే కాస్త లావు, అంతే. ఇక్కడ అదే నరం నా చిటికెన వేలంత అయ్యి, వంపులు వంపులు తిరిగి, కొమ్మలు వేసి, సంచి నిండా పాకింది. ఒక్కొక్క కొమ్మా పోయి నేరేడుపండు రంగు మాయబిళ్లల్లో దిగింది. అవి పదుల కొద్దీ ఉన్నాయి. ఒక గొర్రె అయిదు నెలల్లో తన ఒంట్లో ఇంత కాలువ తవ్వుకుంది. గుండెను తొందరపెట్టుకుంది, రక్తాన్ని పెంచుకుంది, పెంచుకోవడానికి పలచన చేసుకుంది, కళ్లలో ఎరుపు తగ్గినా సరే అనుకుంది. గడ్డి తప్ప ఏమీ తెలియని జీవి. దానికి ఇదంతా ఎవరు నేర్పారు? నేను ఇన్నాళ్లూ చదివింది దీని గురించే. చదివి, దాని గొంతులో గొట్టం పెట్టాను.

పిల్లను బయటికి తీశాను. నల్లటి పిల్ల, తడిసి ముద్దగా ఉంది. ఊపిరి లేదు. బొడ్డుపేగు మాత్రం కొట్టుకుంటోంది. దారం కట్టి కోయడానికి కత్తెర అందుకున్నాను. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇంక పోస్తున్నది."

"తల్లి చచ్చిపోయింది అవ్వా!"

"సచ్చినా పోస్తున్నది. పిల్లను కిందికి పట్టు. నీళ్లయినా నెత్తురయినా పల్లానికే పోతయి."

నేల మీద మోకరించి, పిల్లను తల్లి కడుపు కంటే కిందికి పట్టుకున్నాను. ఆమె బొడ్డుపేగును మూడు వేళ్ల మధ్య పట్టుకుంది. ఎప్పటిలాగే గుట్టల వైపు చూసింది. మాయలో నిలిచిన రక్తం, చచ్చిన గొర్రె నుంచి, మెల్లమెల్లగా నా చేతుల్లోని పిల్లలోకి దిగుతోంది. నాకు అది తెలుస్తోంది. ఆ చిన్న ఒంట్లో బిగి వస్తోంది. కొడుకు గడ్డిపోచతో ముక్కులో ఆడించాడు. పిల్ల తుమ్మింది. తల విదిలించింది. ఇంకోసారి తుమ్మి, సన్నగా అరిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

బొడ్డుపేగు తెల్లబడి మెత్తబడేదాకా ఆమె వేళ్లు తీయలేదు. "ఇగ కొయ్యి" అంది అప్పుడు. "దాని పని అయిపోయింది."

పిల్లను కోడలు గొంగట్లో చుట్టి తీసుకుపోయింది. అవ్వ మాత్రం కదల్లేదు. కోసిన గొర్రె పక్కన కూర్చుని ఆ నరాన్నే చూస్తోంది. యాభై ఏళ్లుగా తోలు మీంచి, బొచ్చు మీంచి వేళ్లతో జాడ పట్టినదాన్ని మొదటిసారి కళ్లతో చూస్తోంది. నెమ్మదిగా వేలు చాపి దాని వంపు వెంట నడిపింది.

"గింతనా?" అంది. "గిదంతా లోపట చేసుకుంటదా, సప్పుడు లేకుంట? నేను కొంచమే అనుకున్న కొడుకా. నాకు తెలిసింది మస్తు కొంచెం."

ఆ మాట ఆమె నాతో అంది. మూడు రోజుల కింద ఆమెకు అంతా తెలియదని నవ్విన నాతో. నేను కార్జం కోసి చూశాను. రంగు చెడి, మందు విషానికి మచ్చలు మచ్చలుగా ఉంది. జలగలు మూడంటే మూడు దొరికాయి. మూడు జలగలకు గొర్రె చావదు. లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను: "జలగ చంపలేదు. నా మందు చంపింది. అవ్వ వద్దన్నది, నేను వినలేదు."

కొడుకు మొహం తిప్పుకున్నాడు. కులపెద్ద ఉమ్మేశాడు. అవ్వ మాత్రం, "జలగలైతే ఉన్నయా?" అని అడిగింది.

"మూడున్నాయి."

"అయితే నువ్వన్నది సుత ఉన్నది" అని లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

మిగతా రెండూ నాలుగు రోజులు మేత ముట్టక, తర్వాత కోలుకున్నాయి. ఆ నాలుగు రోజులూ నేను పొద్దున్నే పోయి దొడ్డి బయట నిలబడేవాణ్ణి, లోపలికి పోయే మొహం లేక. సూడిగొర్రెలకు ఇప్పుడు మందు పోయనని పైకి రాశాను. చివాట్లు పడ్డాయి, పడాల్సినవే అనుకుని ఊరుకున్నాను. కానీ నా అసలు దిగులు అది కాదు. జలగలు ఉన్నాయి. మూడు ఇవాళ చంపవు గానీ, ఈనిన తర్వాత పాలు తాగే పిల్లలతో నీరసించిన తల్లుల్లో అవి పెరుగుతాయి. మందు పడకపోతే ఆ మంద పోతుంది. నా చేతి మందును ఆ వాడలో ఇక ఎవరూ గొర్రె దగ్గరికి రానివ్వరు. నేను ఒకదాన్ని చంపి, నలభైకి దారి మూసేశాను.

నెలన్నర గడిచింది. ఒక రోజు బీరువా సర్దుకుంటుంటే బయట గొర్రెల అరుపులు. వాకిట్లోకి వస్తే దుమ్ము, దుమ్ము వెనక మంద. తల్లుల వెంట పిల్లలు ఎగిరెగిరి దూకుతున్నాయి. అన్నీ ఈనాయి. మంద ముందు అవ్వ ఉంది, వెనక కొడుకు, తలవంచుకుని. వాడ దాటి ఇంత దూరం రావడం ఆమెకు అలవాటు లేదు, ఆయాసపడుతోంది.

నేను ఏదో అనబోయాను. ఆమె నా మాట వినకుండా వేళ్లను చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుంది. మొదటి గొర్రె తొడ దగ్గర వంగింది. కాసేపు గుట్టలకేసి చూసి, లేచి, దాని మూతిని తనే ఎత్తిపట్టి నా వైపు తిప్పింది.

"నెమ్మదైంది" అంది. "ఇప్పుడు దీని నెత్తురు దీనిదే. పొయ్యి కొడుకా."